ముప్పై వేలల్లో ఒకటి

నాకు కోపం ఎక్కువ. ఎవరో చెబితే మీరు వినడం కంటే నేనే చెప్పుకోవడం మర్యాద. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఈ కథలో తప్పంతా నాది, మేలంతా మా కోడలిది. ఈ మాట నా నోట్లోంచి రావడానికి అరవై రెండేళ్ళు పట్టింది కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

లెట్యూస్ అనే సలాడ్ ఆకు పండించే మా రైతుల సంఘంలో ఇరవై రెండు కుటుంబాలు. అందరికీ కావలసిన విత్తనం తీసేది నేను. వల కట్టిన పెద్ద షెడ్డులో తల్లిమొక్కలు పెంచుతాను. ఆకు కోతకి కాకుండా వాటిని పూతకి వదిలి, గింజ ముదిరాక దులిపి, జల్లించి, సంచులకెత్తుతాను. చెప్పడానికి ఇంతే. అసలు పని మధ్యలో ఉంది. రోజూ పొద్దున్నే వరసల మధ్య నడుస్తూ ఒక్కో మొక్కనీ చూడాలి. ఏ మొక్కకి జబ్బు ఛాయ కనిపించినా వేళ్ళతో సహా పీకి, సంచిలో మూతికట్టి, షెడ్డు బయటికి పంపాలి. పదహారేళ్ళుగా ఆ నడక నాదే. సంఘంలో అందరూ నన్ను భూతద్దం అని పిలుస్తారు. వెనకాల పిలిచినప్పుడు తిట్టు, ఎదురుగా పిలిచినప్పుడు పొగడ్త. నాకు రెండూ ఇష్టమే.

లెట్యూస్‌కి మొజాయిక్ అని ఒక వైరస్ తెగులుంది. ఆకు మీద లేతా ముదురూ పచ్చ కలిసి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, అంచులు ముడతపడతాయి, క్యాబేజీలా ముడుచుకుని గడ్డ కట్టాల్సిన మొక్క విప్పుకుని అలాగే కూర్చుంటుంది. మందు లేదు. వచ్చిందంటే వచ్చినట్టే. పైగా ఇది విత్తనంలోనే దాక్కుని వస్తుంది. వెయ్యి గింజల్లో ఒకటి జబ్బుదైతే ఏం పోయిందిలే అనిపిస్తుంది కదా? ఆ ఒక్క మొక్క మీద పేనుబంక పురుగు వాలి, నాలుగు చుక్కలు రసం పీల్చి, పక్క మొక్క మీదికి పోతుంది. అక్కణ్ణుంచి ఇంకో దాని మీదికి. కోతకి వచ్చేసరికి మడిలో సగం పోతుంది.

పదహారేళ్ళ కిందట మాకు అలాగే పోయింది. అందరం ఒకేచోట కొన్న విత్తనం, అందరి పొలాలూ ఒకేసారి. పండిన పంటని ట్రాక్టరు పెట్టి తిరగదున్నుతుంటే గట్టు మీద నిలబడి చూశాను నేను. ఆ పచ్చివాసన ఇప్పటికీ ముక్కుకి తెలుసు. ఆ తరువాతే సంఘం పెట్టుకున్నాం, విత్తనం మనమే తీసుకుందాం అనుకున్నాం. పరీక్ష చేయించకుండా గింజ నేలలో పడకూడదన్నాం. ముప్పై వేల మొలకల్లో ఒక్కటి కూడా జబ్బుది ఉండకూడదని నియమం రాయించింది నేనే. రెండు వేలు చాలదా అని ఒకాయన గొణిగితే ఆయన్ని నోరెత్తనివ్వలేదు. ఆయన ఇప్పటికీ గొణుగుతూనే ఉంటాడు, అందుకే ఆయన పేరు గొణుగుడాయన అయింది. దాని కిందే ఇంకో ముక్క కూడా రాయించాను. పరీక్షలో ఏదైనా తేడా వస్తే సంఘం కూర్చోవాలి, తల్లిమొక్కల్ని చూసినవాళ్ళ మాట ఆఖరి మాట. చూసినవాళ్ళంటే ఎవరు, నేను. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషినని మీకీపాటికి అర్థమై ఉంటుంది.

ఇక మా కోడలు. నాలుగేళ్ళ కిందట మావాడు ఒకమ్మాయిని తీసుకొచ్చి, ఈ అమ్మాయి విత్తన పరీక్షల లేబొరేటరీలో పనిచేస్తుంది, మేము పెళ్ళి చేసుకుంటాం అన్నాడు. నేను సంతోషించాను. ఇంటికి ఒక చదువుకున్న చెయ్యి వస్తుందనుకున్నాను. ఆ చెయ్యి నా విత్తనం మీదే పడుతుందని అప్పుడు తోచలేదు.

ఆ అమ్మాయి మాట తక్కువ, నేను మాట ఎక్కువ. నేను పది అంటే తను ఒకటి అంటుంది, ఆ ఒకటి కూడా నా పదికి సరిపోయేలా ఉంటుంది. అది నాకు కిట్టేది కాదు. పనినుంచి రాగానే కళ్ళు మూసుకుని కాసేపు కుర్చీలో కూర్చునేది. ఏం, రోజంతా కూర్చునేగా చేస్తావు అనేదాన్ని. మావాడు మద్దెల లాంటివాడు, రెండువైపులా వాయింపే.

ఈ ఏడు విత్తనం నమూనా ఎప్పటిలాగే పంపాను. అక్కడ సంచి మీద రైతు పేరుండదు, నంబరే ఉంటుంది. కానీ మా రకం మొలక ఎవరైనా పోల్చుకోగలిగేదే. రెండో ఆకు అంచున సన్నగా ఎర్రగీత వస్తుంది, ఇంకే రకానికీ రాదు. కాబట్టి ఆ ట్రేల ముందు కూర్చోగానే అవి ఎవరివో మా కోడలికి తెలిసిపోయి ఉంటుంది.

మూడు వారాల తరువాత కాగితం వచ్చింది. ముప్పై వేల మొలకలు చూశారు, ఒకటి జబ్బుది దొరికింది, విత్తనం పనికిరాదు. కింద సంతకం మా కోడలిది.

నేను ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాను. అక్షరాలు మరీ సన్నగా వేస్తున్నారు ఈమధ్య అని మావాడితో అన్నాను. తరువాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు గానీ, కోడలి మీద కోపం దేనిమీద చూపాలో ఎవరూ చెప్పలేదు. నాకు తోచినవాటి మీద చూపించాను. రెండు గిన్నెలు సొట్టపోయాయి, ఒక మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదు.

ఆ సాయంత్రం తను రాగానే గుమ్మంలోనే పట్టుకున్నాను.

"ఒకే ఒక్క మొలక! ముప్పై వేలల్లో ఒకటి! ఇరవై రెండు కుటుంబాల నోటి దగ్గర కూడు తీసేశావే!"

"చూసింది రాశానత్తయ్యా," అంది.

"ఏం చూశావు? నీళ్ళెక్కువై పాలిపోయి ఉంటుంది. నువ్వు పుట్టకముందునుంచీ ఆకులు చూస్తున్నాను నేను."

"రసం తీసి పరీక్ష చేశాం. వైరస్ ఉంది. మీరు కావాలంటే వచ్చి చూడొచ్చు, రైతుకి ఆ హక్కుంది."

"వస్తాను. రాక నీకు భయపడతాననుకున్నావా?"

మావాడు మధ్యలోకి వచ్చి "అమ్మా, టీ" అన్నాడు. నువ్వే తాగు అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండేళ్ళుగా షెడ్డులో వెలుతురు తగ్గింది. నాకలా అనిపించేది. వల మీద దుమ్ము పట్టిందని రెండుసార్లు కడిగించాను. కడిగినవాళ్ళు సరిగ్గా కడగలేదని మూడోసారి కూడా కడిగించాను. ఆకుని ఎండకి ఎదురుగా పట్టుకుని వెనకనుంచి వెలుగు పడేలా చూస్తే మొజాయిక్ మచ్చ బాగా తెలుస్తుంది, అది మా పనిలో మొదటి పాఠం. ఈమధ్య అలా పట్టుకుంటే వెలుగు కళ్ళల్లోకి పొగలా కమ్ముకొచ్చి ఆకే కనపడేది కాదు. ఎండ మారిపోయింది అనుకున్నాను. వలని అనుమానించాను, కూలీలని అనుమానించాను, సూర్యుణ్ణి కూడా అనుమానించాను. నన్ను నేను అనుమానించలేదు. కాదు, ఒకటి రెండుసార్లు లోపల ఎక్కడో అనిపించింది. అనిపించిన వెంటనే నోరుమూసుకోమని దానికి చెప్పాను.

మర్నాడు లేబొరేటరీకి వెళ్ళాను. రెండు తలుపుల గది అది, మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తెరుచుకుంటుంది, పురుగు లోపలికి రాకుండా. తెల్లకోటు ఇచ్చారు, చేతులు కడిగించారు. లోపల బల్లల మీద వరసగా ట్రేలు, ట్రేలనిండా మొలకలు, వేలకి వేలు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ఆడపిల్ల వంగి కూర్చుని, చిన్న పుల్లతో ఆకుల్ని పైకెత్తి చూస్తోంది. ఎవరూ మాట్లాడుకోవట్లేదు. రోజుకి ఎన్ని చూస్తారమ్మా అనడిగాను ఒకమ్మాయిని. రెండు వేలు దాటితే మాకు కళ్ళు తిరుగుతాయండీ అని నవ్వింది. ఇంటికొచ్చి కళ్ళు మూసుకుని కూర్చునే మనిషి గుర్తొచ్చింది, కానీ ఆ రోజు నేను జాలిపడే తీరుబాటులో లేను.

అక్కడి పెద్దాఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు. మా కోడలు రెండు చిన్న కుండీలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి పరీక్షలో దొరికిన జబ్బు మొక్క, ఒకటి మంచి మొక్క. ఏది ఏదో చెప్పలేదు. నేను వంగి చూశాను. రెండూ పచ్చగా ఉన్నాయి. రెండూ ఒకే పచ్చ. ఒకటి ఎత్తి కిటికీకి ఎదురుగా పట్టాను. పొగ కమ్మింది.

"రెండూ బాగానే ఉన్నాయి," అన్నాను. "నేను ముందే చెప్పాను."

ఆఫీసరు తడబడ్డాడు. "ఆకు దగ్గర అభిప్రాయభేదం ఉండొచ్చు మేడం. రసం పరీక్ష చూడండి, దానిలో ఎవరికీ అనుమానం రాదు," అని గుంటల పళ్ళెం ఒకటి తెప్పించాడు. చిన్న చిన్న గుంటలు, గుంటకో చుక్క మందు. వైరస్ ఉన్న గుంట లేత పసుపుకి మారుతుంది, లేనిది నీళ్ళలాగే ఉంటుంది. "మీరే చెప్పండి, ఎన్ని పసుపుగా ఉన్నాయి?"

నేను పళ్ళెంవైపు చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. దొరికిన మొలక ఒకటేగా అని లోపల లెక్కేసుకుని, గొంతు సవరించుకుని, "ఒకటి," అన్నాను.

ఆఫీసరు పళ్ళెంలోకి చూశాడు, నావైపు చూశాడు, మా కోడలివైపు చూశాడు. సరిపోల్చుకోవడానికి వాళ్ళే జబ్బు రసం వేసి ఉంచే గుంటలు కూడా ఉంటాయట. వాటితో కలిపి పసుపువి మొత్తం ఆరు. ఆ సంగతి తరువాత తెలిసింది.

ఆఫీసరు ఏదో అనబోయాడు. మా కోడలు పళ్ళెం అందుకుంది. "మా అత్తయ్యకి ఇవాళ ఒంట్లో బాగాలేదు సార్. ఇంకో రోజు చూస్తారు," అని నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. అబద్ధం చెప్పలేదు. నా ఒంట్లో బాగాలేని చోటు ఏదో మాత్రం చెప్పలేదు.

వరండాలో బెంచీ ఉంది. నన్ను కూర్చోబెట్టి పక్కన కూర్చుంది.

"ఎప్పటినుంచి కనపడట్లేదత్తయ్యా?"

అంతే, నాలో ఉన్న కోపమంతా ఒక్కసారి లేచింది. నాకు కనపడకపోవడమేంటి, నీకేం తెలుసు, నిన్నగాక మొన్న వచ్చి నా కళ్ళకి వంక పెడతావా, అని మొదలుపెట్టాను. నాలుగో మాటకే అది ఏడుపైపోయింది. అరవై రెండేళ్ళ దాన్ని, ఆ బెంచీ మీద చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. తను భుజం మీద చెయ్యి వెయ్యలేదు, ఊరుకోండి అనలేదు. తెల్లకోటు జేబులోంచి చేతిరుమాలు తీసి నా ఒళ్ళో పెట్టింది. ఆ పూట నాకు అంతకంటే ఇంకేమైనా చేసి ఉంటే నేను తట్టుకునేదాన్ని కాదు.

"రెండేళ్ళయింది," అన్నాను చివరికి. "పోయిన ఏడు కాస్త తెలిసేది. ఈ ఏడు మరీ..."

"ఇప్పుడు షెడ్డులో ఉన్న తల్లిమొక్కల్ని కూడా చూశారా?"

"రోజూ చూస్తున్నాను. ఒక్కటీ పీకలేదు."

తను తల వంచుకుంది. పీకలేదంటే లేవని కాదని ఇద్దరికీ అర్థమైంది. ఇప్పుడు పనికిరాకుండా పోయిన విత్తనమే కాదు, వచ్చే పంటకారు విత్తనం కూడా నా చూపు మీదే ఆధారపడి ఉంది.

అప్పుడు చెప్పాను తనకి, మూడోరోజున సంఘం మీటింగు ఉందని. నాట్లకి అదను దాటిపోతోంది. బయట కొంటే పరీక్ష అయిన విత్తనం వచ్చేసరికి పన్నెండు రోజులు ఆలస్యం, పైగా మా ఎండకి అది త్వరగా పూతకొచ్చి ఆకు చేదెక్కే రకం. ఒక్క మొలకకేనా ఇంత రాద్ధాంతం అని సగంమంది అప్పటికే నాకు చెప్పేశారు. నువ్వు తల్లిమొక్కల్ని చూశావుగా అక్కా, బాగున్నాయని ఒక్కమాట అను, వేసేస్తాం అన్నారు. రాసుకున్న నియమం ప్రకారం ఆ ఒక్కమాట చాలు.

"ఏం చెప్పమంటావు?" అనడిగాను.

"నా మాట కాగితం మీద చెప్పానత్తయ్యా," అంది. "మీ మాట మీరే చెప్పాలి."

మావాడికి చెబుతావా అన్నాను. మీరు చెప్పేదాకా చెప్పను అంది. చెప్పలేదు కూడా. ఆ మూడు రోజులూ ఇంట్లో నాకు కంచం పెట్టింది, పనికి వెళ్ళింది, వచ్చి కళ్ళు మూసుకుని కూర్చుంది. మింగలేక కక్కలేక నేను తిరిగాను.

నిజం చెప్పాలంటే, బాగున్నాయి అనేద్దామనే అనుకున్నాను. మీటింగుకి వెళ్ళేటప్పుడు కూడా ఆ మాటే మనసులో మెదులుతోంది. ఒక్క మొలక. ఏం కాదేమో. పదహారేళ్ళు నా కంటికి దండం పెట్టిన మనుషుల ముందు, నా కన్ను పోయిందని ఎలా చెప్పను? షెడ్డులోకి రావద్దంటే నేనెక్కడికి పోను? నాకు ఇంకో పని రాదు. భూతద్దం కాకపోతే నేను ఉత్త కోపిష్టి ముసలిదాన్ని.

మీటింగు ఆకులు సర్దే షెడ్డులో. ప్లాస్టిక్ పెట్టెలు బోర్లించి అందరూ కూర్చున్నారు. నాకు మాత్రం ఎప్పటిలాగే కుర్చీ వేశారు. ప్రెసిడెంటు లేబొరేటరీ కాగితం చదివి, "అక్కా, తల్లిమొక్కలు నువ్వు చూశావు. నీ మాట చెప్పు," అన్నాడు.

ముందు వరసలో ఈ ఏడే సంఘంలో చేరిన కొత్త జంట ఉంది. మొదటి పంట వాళ్ళకి. ఆ పిల్ల ఒళ్ళో నోటుబుక్కు తెరిచి, పెన్ను పట్టుకుని, నేనేం చెబితే అది రాసుకోవడానికి సిద్ధంగా కూర్చుంది. అందరి మొహాలూ నాకు మసగ్గా ఉన్నాయి గానీ, ఆ పిల్ల మెడ చాచి నావైపు చూడటం మాత్రం తెలిసింది. ట్రాక్టరు కింద తిరగబడ్డ ఆకుల వాసన నా ముక్కుకి తగిలింది. ఈ పిల్లకి ఆ వాసన తెలియదు.

నేను లేచి నిలబడ్డాను.

"ఆ విత్తనం వెయ్యొద్దు," అన్నాను. "నాకు రెండేళ్ళుగా కళ్ళు సరిగ్గా కనపడట్లేదు. మీకు చెప్పలేదు. జబ్బు మొక్క నా ముందు పెడితే మంచిదన్నాను నిన్నమొన్న. తల్లిమొక్కల్లో నేను పీకాల్సినవి పీకలేదు, అవి గింజ కట్టాయి, ఆ గింజలో ఒకటి మా కోడలికి దొరికింది. దొరకనివి ఎన్నో నాకు తెలీదు. తను ఆపబట్టి సరిపోయింది. నా మాట ఇది."

చెప్పేసి కూర్చున్నాను. గొణుగుడాయన గొణగకపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

తరువాత ఆయనే నోరు విప్పాడు. "మరి ఈ రెండేళ్ళూ మేమెవరిని నమ్మినట్టు?"

"లేబొరేటరీని నమ్మారు. మంచిపని చేశారు," అన్నాను. "ఆ రెండో నియమం కొట్టేయండి. ఎవరి కన్నూ కాగితం కంటే గొప్పది కాదు. రాయించినదాన్ని నేనే చెబుతున్నాను."

కొట్టేశారు. బయటి విత్తనం తెప్పించుకుందామన్నారు. షెడ్డు తాళం తీసుకోండని ప్రెసిడెంటు ముందు పెడితే ఆయన దాన్ని ముట్టుకోలేదు. ముందు కళ్ళు చూపించుకో అక్కా, తరువాత చూద్దాం అన్నాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంటి ముందు వ్యాను హారన్ మోగింది. గొణుగుడాయన. "కంటాసుపత్రికి. ఎక్కు. నాకు అవతల బోలెడు పనుంది," అన్నాడు. దారంతా గొణిగాడు, నా మీద, గుంతల మీద, పెట్రోలు మీద. ఆసుపత్రిలో నా పేరు రాయించి, నా వంతు వచ్చేదాకా పక్కన కూర్చుని మళ్ళీ గొణిగాడు. అంత మంచి గొణుగుడు నేనింతవరకూ వినలేదు.

రెండు కళ్ళల్లోనూ శుక్లాలు. ముదిరిపోయాయి. కంట్లోని అద్దం పాతబడి పసుపు పట్టిందమ్మా, అందుకే పసుపు ఛాయలు మీకు తెలియట్లేదు, వెలుగుకి ఎదురుగా చూస్తే ఇంకా మసకేస్తుంది అన్నాడు డాక్టరు. రెండేళ్ళు వల కడిగించాను నేను. కడగాల్సింది వలని కాదన్నమాట. ఆ కూలీలకి తరువాత ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పాను. ఒకతను, పోనీలేండి అమ్మగారూ, వల మాత్రం మెరిసిపోతోంది అన్నాడు.

ముందు కుడికన్ను, పది రోజులకి ఎడమది. కట్టు విప్పినప్పుడు ఎదురుగా మా కోడలు కూర్చుని ఉంది. సెలవు పెట్టి వచ్చింది. నాలుగేళ్ళు మా ఇంట్లో తిరిగిన పిల్ల, ఆ మొహం నేను సరిగ్గా చూసింది అప్పుడే. కళ్ళ కింద నల్లగా ఉంది. కనుబొమల మధ్య సన్నగా గీతపడింది, వంగి చూసి చూసి. ముప్పై ఏళ్ళు లేవు, అప్పుడే ఆ గీత. రోజంతా కూర్చునేగా చేస్తావు అన్న మాట గుర్తొచ్చి నాకు తలకొట్టేసినట్టయింది.

ఈలోపు షెడ్డులో నీళ్ళు పెట్టించడం, తాళం వెయ్యడం తనే చూసుకుంది. మొక్కలు మాత్రం చూడలేదట. పూతకి ఇంకా టైముంది, మీ షెడ్డు కదా అంది. డాక్టరు షెడ్డులోకి వెళ్ళొచ్చన్న రోజు, ఆదివారం పొద్దున్న, ఇద్దరం కలిసి వెళ్ళాం.

లోపల అడుగుపెట్టి ఆగిపోయాను. పచ్చ అంటే ఇదీ అని నాకు కొత్తగా ఎవరో చూపించినట్టుంది. నాలుగు వందల మొక్కలు, ఒక్కోటి తన ఆకుల్ని విడివిడిగా చూపిస్తోంది, ఈనెలు కనిపిస్తున్నాయి, అంచున ఎర్రగీత కనిపిస్తోంది. మూడో వరసలో మొదటి జబ్బు మొక్క దొరికింది. ఆకు ఎత్తి వెలుగుకి పట్టాను. లేతపచ్చ మచ్చలు, ముదురు పచ్చ మచ్చలు, గోడ మీద తడి ఆరీ ఆరనట్టు. ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని నేను ప్రతిరోజూ దాటుకుంటూ పోయాను. పీకేశాను. అయిదో వరసలో రెండు, చివరికి మొత్తం పదమూడు. ఇవి గింజ కట్టి ఉంటే, ఇరవై రెండు పొలాలకి వెళ్ళి ఉంటే అనుకుంటూ పదమూడింటినీ సంచిలోకి కుక్కాను.

సంచి మూతి కడుతూ, నా మనసులో చాలారోజుల్నుంచి ఉన్నదాన్ని అడిగేశాను.

"అమ్మాయ్. ఆ మొలక మన రకందని చూడగానే నీకు తెలుసు కదా?"

"తెలుసత్తయ్యా."

"గిల్లి పారేస్తే అడిగేవాళ్ళు లేరు. ముప్పై వేలల్లో ఒకటి. నీకు ఇంట్లో ఈ రభస ఉండేది కాదు. ఆ ఆలోచన రాలేదా?"

"వచ్చింది," అంది. "వేళ్ళతో పట్టుకున్నాను కూడా."

"మరి?"

తను కొంచెం సిగ్గుపడింది. "అత్తయ్యే ఈ కుర్చీలో ఉంటే ఏం చేస్తారా అని ఆలోచించాను. వాళ్ళమ్మదైనా సరే మొహమాటపడకుండా రాసిపారేస్తారు అనిపించింది. అందుకే రాశాను."

నేను ఆ వరస మధ్యలోనే కూలబడ్డాను. నాలుగేళ్ళుగా నేను విసుక్కున్న పిల్ల నా గురించి అలా అనుకుందా? ఆ కుర్చీలో కూర్చుని, నన్ను తలుచుకుని, నా విత్తనాన్నే తప్పుపట్టిందా? మీటింగుకి వెళ్తూ నేనేం అనుకున్నానో ఆ పిల్లకి తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. అంత మంచి పేరు ఉచితంగా ఉంచుకోవడానికి మనసొప్పలేదు.

"నేనైతే గిల్లేసేదాన్నే తల్లీ," అన్నాను. "మీటింగుకి కూడా బాగున్నాయని చెప్పడానికే వెళ్ళాను."

తను నా పక్కన కూర్చుంది.

"కానీ చెప్పలేదుగా," అంది. "లేచి నిలబడ్డారని మొత్తం సంఘం చెప్పుకుంటోంది. ఆ రోజునుంచి లేబొరేటరీలో అందరికీ చెప్పుకుంటున్నాను, ఆవిడ మా అత్తయ్య అని."

మా ఇళ్ళల్లో అత్తలు కోడళ్ళకి దండం పెట్టరు. నేను పెట్టలేదు గానీ, మట్టిచేతులతోనే ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను. నీ మేలు మరిచిపోనమ్మా అన్నాను. అలాంటి మాట అనడం నాకు అలవాటు లేదు, సరిగ్గా వచ్చిందో లేదో కూడా తెలీదు. తను "ఊరుకోండత్తయ్యా, కంట్లో నీళ్ళు పడకూడదన్నారు డాక్టరు," అంది.

పైనుంచి పడే నీళ్ళ సంగతే ఆయన చెప్పాడని నేను వాదించాను. తరువాత వాదన ఆపి, తనివితీరా ఏడ్చాను.